కాల్ సెంటర్ ఉద్యోగం: సంతకానికి ముందు ఒక లెక్క

మా పూర్వ విద్యార్థి ఒకడు డిగ్రీ పూర్తయిన కొద్ది రోజులకే ఆఫర్ లెటర్ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. టెక్నికల్ సపోర్టు కాల్ సెంటర్‌లో ఉద్యోగం. "సార్, ఏడాదికి మూడు లక్షలు, నెలకు ఇరవై అయిదు వేలు" అన్నాడు. ఆ అంకెను నమ్ముకొని వాళ్ళ అమ్మీ చెల్లెలి కాలేజీ ఫీజుకు లెక్క వేసుకున్నారు. మొదటి నెల చేతికి వచ్చింది పద్దెనిమిది వేల పైచిలుకు. ఎవరూ మోసం చేయలేదు, అంతా ఆ కాగితంలోనే ఉంది. దాన్ని చదవడం మేమే నేర్పలేదు. అందుకే ఈ పాఠం.

2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. దాంతో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులు మన పిల్లలకు క్యాబ్ దూరంలోకి వచ్చాయి.

పని ఎలా ఉంటుంది?

అమెరికాలో ఎవరి కంప్యూటరో, ఇంటర్నెట్టో పనిచేయదు. వారు ఫోన్ చేస్తే ఇక్కడివారు ఓపికగా సరిచేయించాలి. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మార్చిలో రంజాన్ వస్తే ఇఫ్తార్, లాగిన్ ఒకే వేళకు పడతాయి. ఒక్కో కాల్‌కు పట్టిన సమయం కొలుస్తారు, మాటలు రికార్డు చేస్తారు, మార్కులు వేస్తారు. అవతలివారు కోపంతో అరిచినా గొంతు పెంచకూడదు. తెల్లవారి ఇంటికి వచ్చి, వీధి సందడిలో పగలు నిద్రపోవాలి.

జీతం లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. కంపెనీ తనకయ్యే మొత్తం ఖర్చును సి.టి.సి. అంటుంది. అది నెలకు రూ. 25,000 అనుకుందాం. ఇందులో కంపెనీ కట్టే పి.ఎఫ్. 1,440, ఇ.ఎస్.ఐ. 650, గ్రాట్యుటీ 577, టార్గెట్ చేరితేనే ఇచ్చే ఇన్సెంటివ్ 2,333. ఇవి పోతే మిగిలే జీతం 20,000 (బేసిక్ 12,000). అందులోంచి ఉద్యోగి వాటా పి.ఎఫ్. 1,440, ఇ.ఎస్.ఐ. 150, వృత్తి పన్ను 150 కోస్తారు. చేతికి వచ్చేది 18,260.

ఇదంతా నష్టం కాదు. రెండు వాటాల పి.ఎఫ్. కలిపి నెలకు 2,880 ఉద్యోగి పేరిటే జమ అవుతుంది; అయితే కంపెనీ వాటాలో కొంత పి.ఎఫ్. ఖాతాకు కాక పింఛను పథకానికి వెళ్తుంది. జీతం నెలకు 21,000 లోపు ఉన్నవారికి ఇ.ఎస్.ఐ. వైద్యం ఇంటిల్లిపాదికీ అక్కరకొస్తుంది. అయితే నెల ఖర్చు వేసుకోవాల్సింది 18,260 మీదే.

చట్టం ఏమంటుంది?

మన రాష్ట్రంలో 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. ఐ.టి. రంగానికి కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చినా, వారానికి 48 గంటలు దాటిన పనికి ఓవర్‌టైమ్ చెల్లించాలి. రాత్రి పనిచేసే స్త్రీలకు రవాణా, భద్రత కల్పించాలి.

అడగవలసిన ప్రశ్నలు

1. ఇన్సెంటివ్ లేకుండా చేతికి ఎంత వస్తుంది?
2. శిక్షణ కాలంలో పూర్తి జీతమేనా?
3. షిఫ్ట్ ఎన్ని గంటలు, వారానికి ఎన్ని సెలవులు?
4. క్యాబ్ ఇంటి దాకా వస్తుందా? దాని డబ్బు కోస్తారా?
5. మధ్యలో మానేస్తే బాండ్ ఉందా, నోటీసు ఎన్ని రోజులు?

ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవారిని మాత్రం గడప తొక్కనివ్వకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. రాత్రంతా పనిచేసి వచ్చిన బిడ్డను పగలు పనులకు పంపకండి. ఆ నిద్ర సోమరితనం కాదు, ఆ జీతంలో భాగమే.

మా విద్యార్థి ఇప్పటికీ ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. చెల్లెలి ఫీజు రెండు వాయిదాల్లో కట్టారు. మొన్న అతని తమ్ముడికి ఆఫర్ లెటర్ వస్తే, ముందుగా అన్నే కూర్చుని లెక్క వేశాడట.