స్థూలకాయం – గుండె ఆరోగ్యం

పిల్లలూ! దోమ కుట్టిన చోట చర్మం ఎర్రబడి ఉబ్బుతుంది. అది శరీరం చేసుకునే రక్షణ, త్వరలోనే తగ్గిపోతుంది. ఒంట్లో కొవ్వు మరీ పెరిగితే అలాంటి వాపే పైకి కనబడకుండా ఏళ్ల తరబడి సాగి, రక్తనాళాలను, గుండెను దెబ్బతీస్తుంది. కాలేయం తయారుచేసే సి-రియాక్టివ్ ప్రొటీన్ రక్తంలో పెరగడం దీనికి ఒక గుర్తు.

స్థూలకాయం (స్థూలం = పెద్దది, కాయం = శరీరం) తీవ్రమైన కొందరికి వైద్యులు జీర్ణాశయాన్ని చిన్నది చేసే శస్త్రచికిత్స చేస్తారు. బరువుతోపాటు ఆ ప్రొటీన్ కూడా తగ్గుతుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో, ఈ చికిత్స పొందినవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. అయినా ఆ తర్వాత మితాహారం, విటమిన్లు, పరీక్షలు తప్పవు.

చూశారా, ఇది బద్ధకం కాదు, జబ్బు. కొత్త బడిలో పేరు అడగకుండా ఒళ్లు చూసి పిలిస్తే ఎంత బాధో మీకు తెలుసు. మీరు పేరుతోనే పిలవండి.