ఉద్యోగ విరామం: మేనకోడలికి లేఖ



పసిబిడ్డ పెంపకం కోసం ఉద్యోగం కొంతకాలం మానాలనుకునేవారు రాజీనామాకు ముందు చట్టం ఇచ్చినదంతా వాడుకున్నారో లేదో చూసుకోవాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వడమే కాక, ఆ తరువాత పని స్వభావాన్ని బట్టి యజమానితో ఒప్పందం మేరకు ఇంటినుంచి పనిచేసే వీలును కల్పించింది. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలనీ చెప్పింది. వీటిని నోరు తెరిచి అడగకుండానే ఉద్యోగం వదిలేవారు ఎందరో.

రాజీనామా తప్పనప్పుడు అందరి చూపూ పడేది పీఎఫ్ సొమ్ము మీద. నిజానికి అది రెండు ఖాతాల వ్యవహారం: ఒకటి భవిష్యనిధి, రెండవది 1995 నాటి పింఛను పథకం. అయిదేళ్ల సర్వీసు నిండకుండా భవిష్యనిధిని తీసుకుంటే ఆ మొత్తం పన్ను పరిధిలోకి వస్తుంది. పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. అంతకన్నా తక్కువ ఉన్నవారు ఫారం 10సీ ద్వారా సొమ్మైనా తీసుకోవచ్చు, లేదా స్కీమ్ సర్టిఫికెట్, అనగా అప్పటివరకు చేసిన సర్వీసును భద్రపరిచే పత్రమైనా పొందవచ్చు. ఆరేళ్లు పనిచేసిన ఉద్యోగిని సొమ్ము తీసుకుంటే ఆ ఆరేళ్లూ పింఛను లెక్కలోంచి పోయి, తిరిగి చేరినప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టాలి. సర్టిఫికెట్ తీసుకుంటే మరో నాలుగేళ్లతో పదేళ్లు పూర్తవుతాయి. విరామంలో కొత్తగా సంపాదించే సర్టిఫికెట్లన్నిటికన్నా ఈ ఒక్కటే విలువైనదని చెప్పడం అతిశయోక్తి కాదు.

కంపెనీ ఇచ్చే గ్రూప్ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది కనుక, సొంత పాలసీ ఏర్పాటు ముందే చూసుకోవాలి.

ఇక విరామంలో చదువు సంగతి. ఐఐటీల అధ్యాపకులు బోధించే ఎన్‌పీటెల్ కోర్సుల్లో చేరడానికి రుసుము లేదు, పరీక్షకు మాత్రమే చెల్లించాలి. పరిశోధన రంగం నుంచి విరామం తీసుకున్న మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వైజ్-కిరణ్ పేరిట పథకాలు నడుపుతోంది. అయితే పది కోర్సుల్లో చేరి ఏదీ ముగించకపోవడం కన్నా, పన్నెండు వారాల కోర్సు ఒక్కటి పరీక్షతో సహా పూర్తిచేయడం మేలు. అసలు ఇబ్బంది కోర్సు దొరకడంలో కాదు, గంట సమయం దొరకడంలో ఉంది. ‘ఇంట్లోనే ఉంటుందిగా’ అనే మాటతో గ్యాస్ సిలిండర్ దించుకోవడం మొదలు చుట్టాల పేరంటాల వరకు అన్నీ విరామంలో ఉన్న ఇల్లాలి మీదే పడతాయి. కాబట్టి ఆ గంటసేపు బిడ్డను ఎవరు చూస్తారన్నది భర్తతోనూ అత్తగారితోనూ ముందే తేల్చుకోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

తిరిగి చేరేటప్పుడు కొత్త సంస్థ పాత వివరాలను సరిచూస్తుంది. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, ఫారం 16, చివరి మూడు నెలల పే స్లిప్పులు అప్పుడే కావలసి వస్తాయి. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానిన తేదీ నమోదు కాకపోతే బదిలీ ఆగిపోతుంది. చివరి చందా తరువాత రెండు నెలలు గడిస్తే ఆ తేదీని సభ్యురాలే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. రెజ్యూమేలో ఖాళీని దాచనవసరం లేదు, తేదీలతో సహా ‘శిశు సంరక్షణకై విరామం’ అని ఒక్క వరుసలో రాస్తే చాలు.

రాజీనామా పంపే ముందు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి సర్వీసు ఎన్నేళ్లయిందో లెక్క చూసుకోవలసిందిగా కోరడమైనది.