ఉప్పునీటి అవగాహము: ఎవరికి మేలు, ఎవరికి కీడు

తమ్మిలేరు, బుడమేరుల నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకు గల మాగాణి సీమలో ఊడ్పులవేళ పొలములందును, కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులందును నీట నిలిచి పనిచేయువారికి మోకాళ్ళు బిగియుట, పిక్కలు లాగుట సాధారణము. చలి, అతిశ్రమ వాతమును ప్రకోపింపజేయును. ఇట్టివారికి ఖర్చులేని చికిత్స అవగాహ స్వేదము. చరకుడు సూత్రస్థానము 14వ అధ్యాయమున చెప్పిన 13 స్వేదములలో ఇది యొకటి.

విధానము

స్నేహము తరువాతనే స్వేదము. ముందుగా గోరువెచ్చని నువ్వులనూనెతో మోకాలు మొదలు పాదము వరకు మృదువుగా మర్దన చేయవలెను. గుప్పెడు వావిలాకు వేసి కాచిన నీటిని వడగట్టి, చన్నీరు కలిపి, 10 లీటర్ల నీటికి రెండు గుప్పెళ్ళ కల్లుప్పు గాని సైంధవలవణము గాని కరిగించవలెను. వేడి 40 డిగ్రీల సెంటిగ్రేడు మించరాదు. మోచేతికి హాయిగా తోచు నీరే తగిన నీరు. పిక్కలు మునుగునట్లు 15 నిమిషములుంచి, తడి తుడిచి, చలిగాలి తగులకుండ విశ్రమించవలెను. తలపై మాత్రము వేడినీరు పోసికొనరాదు. అది కేశములకు, నేత్రములకు హానియని వాగ్భటుని మతము.

భేదుప్పు వేసినచో మెగ్నీషియము చర్మము ద్వారా దేహమున చేరునని కొందరందురు. దానికి గట్టి నిదర్శనము లేదు. మేలు చేయునవి ప్రధానముగా వేడిమి, మర్దన, విశ్రాంతి. కావున ఖరీదైన ఉప్పుతో పనిలేదు.

నా పొరపాటు

చాల ఏండ్ల క్రిందట చేపలచెరువు కాపలాదారు ఒకడు కాళ్ళనొప్పులని రాగా ఈ చికిత్సయే చెప్పితిని. మూడవనాడు రెండు పాదములు బొబ్బలతో వచ్చి, "నీళ్ళు అంత వేడిగా ఉన్నట్టు తెలియలేదండీ" అనెను. మధుమేహముచే అతని పాదములు స్పర్శ కోల్పోయియుండెను. మధుమేహికి స్వేదము కూడదని చరకుడు అదే అధ్యాయమున చెప్పినాడు. గురువుగారి యెదుట ఆ శ్లోకములు వల్లించినవాడనే, రోగిని అడుగుట మరచితిని. పుండు ముదిరి అతడొక వేలు పోగొట్టుకొనెను. నాటినుండి షుగరు ఉన్నదాయని అడుగక ఈ చికిత్స ఎవరికిని చెప్పలేదు.

ఎవరికి కూడదు

మధుమేహులు, గర్భిణులు, జ్వరము, అతిసారము, గుండెజబ్బు గలవారు దీనిని మానవలెను. బోదకాలును వేడినీట ముంచరాదు. దానిని సబ్బుతో మామూలు నీట కడిగి, వేళ్ళసందులు తడిలేకుండ తుడువవలెను. బురద తగిలి వేళ్ళసందులు పాచి, దురద, మంట కలుగుటను సుశ్రుతుడు అలసమనెను. అట్టి పుండ్లకును వేడి ఉప్పునీరు వలదు. పాదములు పొడిగా నుంచుటయే ప్రథమ చికిత్స. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినచో గృహచికిత్స మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇంటిలోని పెద్దలకు నీరు పెట్టునపుడు వేడిని మరియొకరు చూడవలెను. బక్కెటు ముందు పెట్టుటకు పూర్వము వారి పాదమును తాకి, "తెలియుచున్నదా?" అని ఒక్కమాట అడుగుడు.