తుక్కుగూడలో ఏ క్రేన్?

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న తుక్కుగూడ దానికి కూతవేటు దూరమే. అందుకే ఇక్కడ క్రేన్ ఎంపికలో బరువుతో పాటు ఎత్తు కూడా చూడాలి.

ముందు బరువు సంగతి. క్రేన్ సామర్థ్యాన్ని టన్నుల్లో మాత్రమే చెబితే సగం చెప్పినట్టే. బరువును క్రేన్ నుంచి దాని దూరంతో గుణించాలి: 20 మీటర్ల దూరంలో 4 టన్నులు ఎత్తితే 80 టన్ను-మీటర్లు. అదే క్రేన్ 40 మీటర్ల దూరంలో 2 టన్నులైనా ఎత్తడం కష్టం, చేతి సొంత బరువూ మోయాలి కదా! కొనేముందు చూడాల్సింది లోడ్ చార్టు, బ్రోచర్‌లోని పెద్ద అంకె కాదు.

రెండు మూడు అంతస్తులకు మొబైల్ క్రేన్ చాలు. సామాను అటూ ఇటూ మోయడానికి మన మేస్త్రీలు పిలిచే 'హైడ్రా' ఉండనే ఉంది. బహుళ అంతస్తులకు టవర్ క్రేన్. ఇరుకు స్థలాల్లో చేయి పైకి లేచే లఫింగ్ రకం మేలు, కానీ ఆ చేయే ఆకాశంలోకి పొడుచుకొస్తుంది. విమానాశ్రయం దగ్గర పైన శిఖరం లేని ఫ్లాట్‌టాప్ నయం.

భవనం ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నిరభ్యంతర పత్రం 2015 నిబంధనల ప్రకారం ఇస్తారు. అందులోని ఎత్తు సముద్రమట్టం నుంచి లెక్క. స్థలం 600 మీటర్లు, అనుమతి 645 అనుకుంటే, మిగిలేది 45 మీటర్లే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్వచనంలో (అనుబంధం 14) తాత్కాలిక కట్టడాలూ అవరోధాలే, అంటే క్రేన్ కూడా.