కందిపప్పు – ఆలుగడ్డ: పోషక విలువల తారతమ్యం

జహీరాబాదు పరిసరాలలో ఒకే రైతు భూమిలో కందిచేను, ఆలుగడ్డ మడి రెండూ కనిపించుట వింత కాదు. కంది వానకాలంలో జొన్నతో కలిసి పెరుగుతుంది; ఆలుగడ్డ చలికాలపు పంట. బజారులో పప్పు ధర పెరిగినప్పుడల్లా సామాన్యుల ఇళ్ళలో పప్పుగిన్నె స్థానాన్ని ఆలుగడ్డ కూర ఆక్రమిస్తుంది. కడుపు నిండుతుంది గనుక లోటు తెలియదు. ఈ మార్పిడి వలన ఎదిగే పిల్లలకు నష్టమున్నదా అన్నదే మనం విచారించవలసిన విషయం.

దుంపలని మనం వ్యవహరించేవన్నీ వేళ్ళు కావు. క్యారెట్, ముల్లంగి, చిలగడదుంప వేళ్ళు. ఆలుగడ్డ, చామగడ్డ భూమిలో పెరిగే కాండాలు. ఏదైనను, చాలా దుంపలు మొక్క పిండిపదార్థాన్ని దాచుకొను గాదెలే. గింజ సంగతి వేరు. దానిలో మొలకకు కావలసిన మాంసకృత్తులు కూడ ఉండాలి. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందిస్తాయి. కందిగింజలోని మాంసకృత్తులకు ఆ నత్రజని ఒక ముఖ్యమైన ఆధారం.

1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన ఆహారపదార్థాలను పరీక్షించి పట్టికలు ప్రకటించింది. వాటి ప్రకారం 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. అంతే బరువుగల ఆలుగడ్డలో ఒకటిన్నర గ్రాము మాత్రమే. అనగా ఇంచుమించు పదిహేను రెట్ల భేదం! కాని ఈ పోలిక న్యాయమైనది కాదు. పప్పు ఎండినది, ఆలుగడ్డ పచ్చిది. దానిలో నాలుగింట మూడు వంతులు నీరే. నీటిని తీసివేసి లెక్కిస్తే భేదం నాలుగు రెట్లకు దిగుతుంది. పప్పు ఉడికి మూడింతలైన తరువాత పళ్ళెంలో పోల్చినను దాదాపు అదే ఫలితం. (హాస్టలు పప్పుకు ఈ లెక్క వర్తించదు, అందులో పప్పును వెదకవలసి ఉంటుంది.)

నాలుగు రెట్లు తక్కువేమీ కాదు. 40 గ్రాముల పప్పునుండి లభించే సుమారు 9 గ్రాముల మాంసకృత్తుల కొరకు 600 గ్రాముల ఆలుగడ్డ తినవలెను. పసిపిల్లవాని కడుపు అంత పట్టదు. అంతేకాక, అన్నంలోను జొన్నరొట్టెలోను కొరతగా ఉండే లైసీను అనే అమినో ఆమ్లం పప్పులో సమృద్ధిగా ఉన్నది; పప్పులో కొరవడిన మెథియొనీను ధాన్యంలో ఉన్నది. ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. తెలుగువారు పెళ్ళిని పప్పన్నమనుట, ఉర్దూలో జీవనోపాధిని దాల్-రోటీ యనుట ఊరకే పుట్టిన మాటలు కావేమో!

అయితే ఆలుగడ్డను నిందించుట నా ఉద్దేశం కాదు. దానిలోని మాంసకృత్తులు కొద్దివైనను మేలైనవి. ఎండుపప్పులో దాదాపు శూన్యమైన ‘సి’ విటమిను దానిలో ఉన్నది. పప్పులోని ఇనుము రక్తంలో చేరుటకు ఆ విటమిను తోడ్పడుతుంది. క్యారెట్‌లోని కెరోటిను కంటిచూపుకు అవసరం. చిలగడదుంపలో లోపల నారింజ రంగుగలదే ఈ విషయంలో శ్రేష్ఠం. తెల్లని దానిలో కెరోటిను అత్యల్పం. కావున దుంప పప్పు ప్రక్కన ఉండవలసినదే కాని, పప్పుకు బదులు కాజాలదు. ధర భారమైనప్పుడు పప్పును మానుట కన్న, పిడికెడు తగ్గించి దానిలోనే సొరకాయో ఆకుకూరయో చేర్చుట మేలు. మన ఇళ్ళలోని దాల్చాలో శనగపప్పుతో సొరకాయ చేరినది ఈ పద్ధతిలోనే గదా.

వంటలో కొంత జాగ్రత్త అవసరం. ఆలుగడ్డను తొక్కతో ఉడికించి పిదప ఒలిచినచో ‘సి’ విటమిను నష్టం తగ్గుతుంది. శనగలను నానబెట్టిన నీటిని పారబోస్తే కడుపుబ్బరం కలిగించే చక్కెరలు కొంత తొలగిపోతాయి. మొలకెత్తిస్తే లేని ‘సి’ విటమిను పుడుతుంది. పప్పు త్వరగా ఉడకవలెనని సోడా వేయు అలవాటు మాత్రం మంచిది కాదు. దానివలన ‘బి-1’ విటమిను నశిస్తుంది.