పూత ఉంది, పిందె లేదేం?

గోదావరి లంకల్లో గుమ్మడి పాదులు పెడతారు. పాదు నిండా పూస్తుంది. చాలా పూలు రాలిపోతాయి. "దిష్టి తగిలింది" అంటారు కొందరు. దిష్టి కాదు. మొదట్లో పూసేవి ఎక్కువగా మగపూలే. అవి కాయవు. రాలడం వాటికి సహజం.

బెండ పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. గుమ్మడికి మగపూలు వేరు, ఆడపూలు వేరు.

మగపువ్వు కాడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పువ్వు మధ్యలో కేసరాలు ఉంటాయి. వాటి మీద పచ్చని పొడి ఉంటుంది. అదే పుప్పొడి.

ఆడపువ్వు కింద బుల్లి పిందె ఉంటుంది. అదే అండాశయం. అందులో అండాలు ఉంటాయి. పువ్వు మధ్యలో జిగురుగా ఉండేది కీలాగ్రం.

పుప్పొడి కీలాగ్రానికి అంటాలి. అప్పుడు అండాలు గింజలవుతాయి. పిందె కాయవుతుంది. పుప్పొడి అందకపోతే పిందె పండుబారి రాలుతుంది.

పుప్పొడిని తేనెటీగలు మోస్తాయి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ఎండెక్కాక ముడుచుకుంటుంది. పొద్దున్నే పురుగుమందు కొడితే తేనెటీగలు చస్తాయి. తప్పనిసరైతే సాయంత్రం కొట్టాలి.

తేనెటీగలు రాకపోతే ఆ పని చేత్తో చేయవచ్చు. పొద్దున్నే విచ్చిన మగపువ్వు కోయాలి. రేకులు తీసేయాలి. కేసరాలను ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా రాయాలి.

మీ పాదుకు ఆడపూలు ఎన్ని? లెక్కపెట్టి రాయండి.