ఎక్కువ చుక్కల టీవీ కొనాలా?



మిర్చి అమ్మిన డబ్బుతో కొత్త టీవీ కొనాలని మీ ఇంట్లో అనుకుంటున్నారా? దుకాణంలో ఒకే సైజు టీవీలు రెండు చూపిస్తారు. ఒకటి ఫుల్ హెచ్‌డీ, రెండవది ఫోర్ కె. రెండవదాని ఖరీదు ఎక్కువ. బొమ్మ నాలుగు రెట్లు స్పష్టంగా ఉంటుందంటారు. ఇది నిజమేనా?

టీవీ బొమ్మ సన్నని చుక్కలతో ఏర్పడుతుంది. ఈ చుక్కలనే పిక్సెళ్లు అంటారు. ఫుల్ హెచ్‌డీ తెరకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. ఫోర్ కె తెరకు 3840, 2160 ఉంటాయి. అంటే మొత్తం చుక్కలు నాలుగు రెట్లే. కాని వాటిని విడదీసి చూడవలసింది మన కన్ను.

మా ఏన్కూరు వైపు కళ్లాల్లో మిర్చి ఆరబోస్తారు. దగ్గర నిలబడితే ఒక్కొక్క కాయ తొడిమతో సహా కనిపిస్తుంది. దూరంగా రోడ్డు మీద నుంచి చూస్తే ఎర్రదుప్పటి పరిచినట్లుంటుంది. కాయలు ఎక్కడికీ పోలేదు. మన కన్ను వాటిని విడదీయలేకపోయింది, అంతే!

దీనికొక లెక్క ఉంది. డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని నిమిషం అంటారు. కంటి వద్ద ఒక నిమిషం కన్నా తక్కువ కోణం చేసే రెండు చుక్కలు మామూలు చూపుకు ఒకటిగానే కనిపిస్తాయి. అంటే మనం చూసే దూరంలో సుమారు 3400వ వంతు కన్నా సన్నని వివరం కంటికి అందదు.

ఈ ప్రయోగం చేయండి. కాగితం మీద 1 మి.మీ. మందంతో రెండు నల్లగీతలు గీయండి. వాటి మధ్య 1 మి.మీ. ఖాళీ వదలండి. గోడకు అంటించి వెనక్కి నడవండి. సుమారు 3.4 మీటర్ల దూరంలో గీతలు కలిసిపోతాయి. చురుకైన చూపున్నవారికి ఇంకొంచెం దూరం పడుతుంది.

ఇప్పుడు టీవీకి వద్దాం. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెం.మీ. కనుక ఫుల్ హెచ్‌డీ చుక్క వెడల్పు 0.5 మి.మీ., ఫోర్ కె చుక్కది 0.25 మి.మీ. పది అడుగుల, అంటే 3 మీటర్ల, దూరంలో కూర్చుంటే కంటికి అందేది 0.9 మి.మీ. వివరమే. ఫుల్ హెచ్‌డీ చుక్కే అంతకన్నా చిన్నది. ఇక దాన్ని ఇంకా చిన్నది చేస్తే లాభమేముంది? దుకాణంలో మీకు తేడా కనిపించిందంటే, రెండడుగుల దూరంలో నిలబడి చూసి ఉంటారు. లేదా ఆ టీవీ రంగులు, వెలుగు మెరుగై ఉంటాయి.

ఇంకొక సంగతి. ప్రసారంలో లేని వివరాన్ని తెర నిజంగా తెచ్చిపెట్టలేదు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైనప్పుడు బొమ్మలో కనిపించే గీతలు సుమారు 576 మాత్రమే. ఆనాటి రికార్డును ఏ టీవీలో చూసినా అసలు వివరం అంతే.

కంప్యూటర్ మానిటర్ మాట వేరు. దాన్ని 60 సెం.మీ. దూరం నుంచి చూస్తాం. అక్కడ కన్ను 0.18 మి.మీ. వివరాన్ని పట్టగలదు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ చుక్క 0.28 మి.మీ. ఉంటుంది. కాబట్టి చుక్కలు పెరిగితే మన తెలుగు గుడులు, వత్తులు మరింత తేటగా కనిపిస్తాయి. అక్కడ పెట్టిన డబ్బు వృథా కాదు.

కనుక దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో మంచం నుంచి టీవీ పెట్టే గోడ దాకా టేపుతో కొలవండి. ఆ లెక్క పెద్దలకు చూపండి.

మీకొక ప్రశ్న: 75 అంగుళాల టీవీ తెర వెడల్పు 166 సెం.మీ. దాన్ని 1.5 మీటర్ల దూరం నుంచి చూసేవారికి ఫోర్ కె వల్ల ప్రయోజనం ఉంటుందా? లెక్కకట్టి చెప్పండి.